ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ఫ్యామిలీ ఎవరిది?

హైవే మీద శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం దాకా వెళ్ళండి. రెండు పక్కలా ఏ బోర్డు చూసినా "ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్" అని ఉంటుంది. మన దగ్గర ఆ మాటకి అర్థం ఏమిటంటే, ఆడవాళ్ళూ పిల్లలూ నిర్భయంగా కూర్చోవచ్చు, పక్క టేబుల్ మీద మందు సీసా ఉండదు, ఉన్నా మీకు కనబడకుండా మధ్యలో తెర కడతాం అని. అంటే ఫ్యామిలీ తినేవాళ్ళది.

ఇటలీలో అదే మాటకి అర్థం వేరు. ఇటలీ నుంచి అమెరికా వలసవెళ్ళినవాళ్ళు న్యూజెర్సీలోనో షికాగోలోనో పెట్టుకున్న హోటళ్ళలోనూ అంతే. అక్కడ ఫ్యామిలీ వండేవాళ్ళది. తాత పెట్టాడు, నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, అమ్మ వంటింట్లో ఉంటుంది, కూతురు కాలేజీ నుంచొచ్చి ప్లేట్లు అందిస్తుంది.

నా వాదన ఒక్క ముక్కలో చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ జనానికి వండేవాడి ఫ్యామిలీ కనబడటం మానేసింది. కనబడినా అది ఇటాలియన్ ఫ్యామిలీ అయితేనే కనబడుతుంది.

ఉదాహరణ కావాలా? ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళ ఫొటోలు చూడండి. పట్నానికి దూరంగా ఒక చిన్న ఇటాలియన్ హోటల్. పన్నెండు టేబుళ్ళు. రిజర్వేషన్ లేదు, చలిలో బయట అరగంట నిలబడ్డారు. లోపల మెనూ చేత్తో రాసి ఉంది. పాస్తాలో అది తీసేసి ఇది వేస్తారా అని అడిగితే ముసలాయన "కుదరదు" అన్నాడు. అన్నం.. అదే, పాస్తా రావడానికి ఇంకో నలభై నిమిషాలు. ఇదంతా మురిసిపోతూ రాస్తారు. "ఎంత ఆథెంటిక్! ముసలాయనకి తన వంట మీద ఎంత నమ్మకమో!" ఆ పైన బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్పు, అయిదు చుక్కలు.

అదే మనిషి సంక్రాంతికి ఊరొస్తాడు. మా పొందూరులాంటి ఊళ్ళో పొద్దున్నే టిఫిన్ హోటల్‌కి వెళ్తాడు. పెసరట్టు రావడానికి పాతిక నిమిషాలు పట్టింది. ఉల్లిపాయ లేకుండా, అల్లం తగ్గించి, నూనె బదులు నెయ్యి వేసి, బాగా కాల్చి, కానీ మెత్తగా కావాలన్నాడు. హోటలాయన "ఇప్పుడు కుదర్దు బాబూ, జనం ఉన్నారు" అన్నాడు. ఇంకేముంది, ఫోన్ తీసి ఒకటే చుక్క. సర్వీసు స్లో, ఓనరు రూడ్, ఏసీ లేదు, పార్కింగు లేదు. ఈ రకం రివ్యూలు మన జిల్లా ఊళ్ళ హోటళ్ళ కింద చదివీ చదివీ విసుగెత్తి ఇది రాస్తున్నాను.

ఒకటే ఆలస్యం, ఒకటే "కుదరదు". ఒక చోట అది వ్యక్తిత్వం, ఇంకో చోట పొగరు. తేడా ఎక్కడుంది? వంటలో లేదు. "కుదరదు" అన్నమాట ఇటాలియన్ యాసలో వచ్చిందా, శ్రీకాకుళం యాసలో వచ్చిందా అన్నదే తేడా.

"అక్కడ డబ్బు ఎక్కువ తీసుకుంటారు, అంచేత.." అని మొదలెట్టకండి. ఎక్కువ డబ్బు తీసుకున్నవాడిని ఎక్కువ అడగాలి, తక్కువ తీసుకున్నవాడిని తక్కువ అడగాలి. ఇక్కడ జరుగుతున్నది తిరకాసు. నాలుగు అట్ల డబ్బు కూడా తీసుకోనివాడి దగ్గర మనకి అయిదు నక్షత్రాల మర్యాద కావాలి.

రూడ్ అన్నదాని గురించి రెండు మాటలు. "ఏటి కావాల?" అనడం మా వైపు మర్యాద తక్కువ కాదు, మాట తీరు. "బాబూ, అట్టు కాల్తేనే కదా ఎట్టేది. తొందరైతే ఇడ్లీ తినీసి ఎలిపోండి" అని ఒకాయన ఒక కుర్రాడితో అంటుంటే విన్నాను. ఆ కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు. నాకైతే అది నేను విన్న కస్టమర్ సర్వీసులోకెల్లా నిఖార్సయిన ముక్క. ఎంతసేపు పడుతుందో నిజం చెప్పాడు, ఎందుకు పడుతుందో చెప్పాడు, తొందరున్నవాడికి వేరే దారి చూపించాడు. మన సపోర్టు డెస్కులో "మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం, మా బృందం దాని మీద పనిచేస్తోంది" అని నెల రోజులు అదే మెయిలు కొట్టేవాళ్ళం మనం. పెసరట్టు ఆయనకి మర్యాద నేర్పాల్సింది మనమేనా?

ఇంక ఆలస్యం. మనవాళ్ళకి లెక్కలొచ్చు కాబట్టి లెక్కే వేద్దాం. పెద్ద పెనం మీద వాయికి నాలుగు అట్లు. వాయికి అయిదు నిమిషాలనుకోండి, గంటకి నలభై ఎనిమిది. పండగ పొద్దున్న ముప్పై మంది ఒకేసారి దిగారు. తలా రెండు అట్లు, మొత్తం అరవై. ఆఖరివాడి అట్టు దిగేసరికి గంటంబావు. దీనికి ఓనరు నవ్వాడా లేదా అన్నదాంతో సంబంధం లేదు. ఇది త్రూపుట్. మన ప్రాజెక్టులో అయితే దీన్ని కెపాసిటీ ప్లానింగ్ అంటాం, మేనేజరు గారు క్లౌడ్‌లో ఇంకో నాలుగు సర్వర్లు లేపమంటారు. టిఫిన్ హోటలాయన ఇంకో నాలుగు పెనాలు ఎక్కణ్ణించి లేపుతాడు? పెనం కొనగలడేమో, అట్ల మాస్టర్ని పండగ మూడు రోజులకి అద్దెకి తేలేడు. ఆయన హోటల్ మిగతా ఏడాదంతా వచ్చే జనానికి సరిపడా కట్టుకున్నది. ఆ మూడు రోజుల కోసం వచ్చే మనం, ఆ మూడు రోజులు చూసి మార్కులు వేసి పోతాం. ఆ మార్కు మాత్రం ఏడాదంతా ఆయన నెత్తిమీద ఉంటుంది. అప్రైజల్‌లో బెల్ కర్వ్ మీద మనం ఎన్ని శాపనార్థాలు పెడతామో గుర్తుందా? వచ్చి మూడు రోజులు మాత్రమే చూసినవాడు మన ఏడాది రేటింగ్ ఇస్తే ఊరుకుంటామా?

రేటింగు పట్టని పనులు కొన్ని ఈ హోటళ్ళలో జరుగుతాయి. షుగర్ ఉన్న మాస్టారికి అడక్కుండానే పంచదార లేని టీ వెళ్తుంది. చిల్లర లేకపోతే "రేపియ్యండి" అంటారు. నెల జీతం వచ్చేదాకా ఖాతా రాసుకుంటారు. ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగికి ఇల్లు వెతికిపెడతారు. పెద్ద చెయిన్లు ఇదే పనికి సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ కొంటాయి, దాన్ని మనమే రాస్తాం, పుట్టినరోజుకి "డియర్ కస్టమర్" అని ఎస్సెమ్మెస్ వస్తుంది. దాన్ని పర్సనలైజేషన్ అంటాం.

"కస్టమర్ దేవుడండీ" అంటారు కొందరు. బ్యాంకుల్లో, బస్ కాంప్లెక్సుల్లో గాంధీగారి బొమ్మ వేసి ఒక బోర్డు కనబడుతుంది, వినియోగదారుడే మన ఆవరణలోకి వచ్చే అందరికన్నా ముఖ్యమైన మనిషి అన్న అర్థంతో. ఆ మాటలు గాంధీ రచనల్లో ఎక్కడా దొరకవని వెతికినవాళ్ళు తేల్చారు. ఎవరో వ్యాపారం తెలిసినవాళ్ళు రాసిన మాటకి ఆయన బొమ్మ తగిలించారు. గాంధీ నిజంగా మెచ్చుకున్నది ఏమిటో మా ఊరికి తెలుసు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నటి నూలు వడికి నేసిన పొందూరు ఖద్దరుని మెచ్చుకున్నాడు. వడికేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆయన దృష్టి కొనేవాడి సుఖం మీద కాదు, వడికే చేతికి కూలి గిట్టడం మీద. ఇప్పటికీ మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళు పొందూరు వచ్చి ఖాదీ సంఘంలో పంచె కొంటారు. అక్కడ ఆలస్యమైందనరు, నూలు అక్కడక్కడా ఎగుడుదిగుడుగా ఉందనరు, "చేత్తో చేసింది కదా, అదే అందం" అంటారు. బాగుంది. పది అడుగులు వేసి హోటల్లోకి వెళ్ళాక, చేత్తో చేసిన అట్టు గుండ్రంగా లేదని ఫొటో తీస్తారు.

సరే, ఇప్పుడు రెండో వైపు. ఇంతసేపూ చదివి "చిన్న హోటల్ అంతా బంగారం, పెద్ద హోటల్ అంతా మోసం" అంటున్నానని కొందరు సంబరపడుతుంటారు. కాదు. నా అసలు కోపం ఇంకా చెప్పలేదు.

సర్వీసు అనేది గాల్లోంచి రాదు. ఎవరో ఒకరు నిలబడి, వంగి, కడిగి, మోసి ఇస్తే వస్తుంది. దానికి డబ్బు ఎవరు కడుతున్నారు అన్నది ప్రశ్న. ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది.

అమెరికాలో చాలావరకు తినేవాడు కడతాడు. టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగతాది టిప్పులతో నిండాలి. మనవాళ్ళు అక్కడ పెట్టే 20 శాతం ఉదారత కాదు, యజమాని ఎగ్గొట్టిన జీతం. ఇటలీలో టిప్పు ఆనవాయితీ అంతగా లేదు. కానీ చాలా చోట్ల "కోపెర్తో" అని కూర్చున్నందుకు తలకింత అని బిల్లులోనే వేస్తారు, ఆ సంగతి మెనూలో ముందే రాస్తారు.

మన పట్నాల్లో? పెద్ద రెస్టారెంట్లు పది శాతం సర్వీసు చార్జీ అని ఆఖర్న కలిపేవి. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, బిల్లులో దానంతట అది కలిసిపోయే సర్వీసు చార్జీ కుదరదని చెప్పింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని చెప్పి, సంఘాలకి జరిమానా కూడా వేసింది. వాళ్ళు అప్పీలుకి వెళ్ళారనుకోండి, అది వేరే సంగతి. నేనడిగేది ఇది. కోర్టుల దాకా వెళ్ళిన ఆ పది శాతం మీద గచ్చిబౌలి వుడ్ ఫైర్డ్ పిజ్జా దగ్గర నోరెత్తినవాళ్ళు మనలో ఎంతమంది? టీమ్ లంచ్‌లో బిల్లు చూసి "ఇది తీసెయ్యండి" అంటే పక్కవాళ్ళు చీప్‌గా చూస్తారని భయం. అదే మనిషి పొందూరులో రెండో గిన్నె చట్నీకి అయిదు రూపాయలంటే వినియోగదారుల హక్కుల మీద ఉపన్యాసం ఇస్తాడు. హక్కు అనేది ఎదుటివాడి చొక్కా చూసి గుర్తొస్తే దాన్ని హక్కు అనరు.

ఇక మన ఊళ్ళ ఫ్యామిలీ హోటళ్ళు. ఇక్కడ సర్వీసు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? తినేవాడు కాదు, టిప్పు లేదు. యజమాని కూడా పూర్తిగా కాదు. ఫ్యామిలీ భరిస్తోంది. విడదీసి చెప్పాలంటే, ఆ ఇంటి ఆడవాళ్ళు భరిస్తున్నారు. తెల్లవారుజామున మూడున్నరకి లేచి పప్పు రుబ్బి, సాంబారు పెట్టి, చట్నీ తాలింపు వేసే అమ్మకి జీతం లేదు. కోడలికి అసలే లేదు. బోర్డు మీద పేరు మామగారిది, లైసెన్సు మీద పేరు భర్తది, యూపీఐ క్యూఆర్ కోడు కొడుకుది. మాస్టరు మానేస్తే ఇంకో మాస్టరు వస్తాడు. అమ్మకి జ్వరం వస్తే హోటల్ మూస్తారు. ఐటీ భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్, పేరోల్‌లో మాత్రం లేదు.

ప్రభుత్వ లెక్కల్లో వీళ్ళకి ఒక గడి ఉంది. శ్రామికశక్తి సర్వేలో "ఇంటి వ్యాపారంలో సహాయకులు" అని రాస్తారు. జీతం ఉండదు, అయినా స్వయం ఉపాధి కింద లెక్క. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే ఈ గడిలో ఎక్కువ శాతం. జీతం లేని పనిని స్వయం ఉపాధి అనడానికి ఎంత గుండె కావాలి!

పిల్లల సంగతీ అంతే. 2006 అక్టోబరు 10 నుంచి పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని హోటళ్ళలో, టీ కొట్లలో పనికి పెట్టుకోవడం నిషేధం. 2016లో చట్టం సవరించి నిషేధాన్ని అన్ని పనులకీ విస్తరించారు, మంచిదే. కానీ అదే సవరణలో, బడి అయ్యాక ఇంటివాళ్ళ వ్యాపారంలో సాయం చేయొచ్చని ఒక సందు వదిలారు. "సొంత పిల్లాడేనండీ, సరదాగా అందిస్తున్నాడు" అన్న మాట ఆ సందులోంచే వస్తుంది. సరదా అయితే ఆదివారం పొద్దున్న క్రికెట్ ఆడతాడు, మన ఎంగిలి గ్లాసులు తియ్యడు.

ఇక్కడ ఇటలీ నుంచి నేర్చుకోవాల్సింది నిజంగా ఒకటుంది, అది పాస్తా కాదు. 1975లో వాళ్ళు కుటుంబ చట్టాన్ని సంస్కరించినప్పుడు సివిల్ కోడ్‌లో 230-బిస్ అని ఒక అధికరణం చేర్చారు. కుటుంబ వ్యాపారంలో నిత్యం పనిచేసే భార్యకీ, పిల్లలకీ, దగ్గర బంధువులకీ పోషణతోపాటు లాభాల్లో, వ్యాపారం విలువ పెరిగితే ఆ పెరుగుదలలో, వాళ్ళు చేసిన పనిని బట్టి వాటా ఉంటుంది. ఆడవాళ్ళ పనీ మగవాళ్ళ పనీ సమానమే అని కూడా అందులో రాసుకున్నారు. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి ఇటాలియన్ వంటింట్లో న్యాయం జరిగిపోతోందని నేను అనను. కానీ అడగడానికి ఒక కాగితం ఉంది. మనకి ఆ కాగితమూ లేదు. "ఆవిడకి జీతమేంటండీ, ఇంటి మనిషే కదా" అని ఆవిడ ముందే నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది.

కాబట్టి ఫ్యామిలీ హోటల్ అనగానే అయ్యో అమ్మ చేతి వంట అని కళ్ళు తడి చేసుకునేవాళ్ళ మీద కూడా నాకు జాలి లేదు. ఒక్క చుక్క ఇచ్చినవాడు ఆవిణ్ణి చూడలేదు, అమ్మ చేతి వంట అని కవిత్వం రాసినవాడు ఆవిణ్ణి చూసి కూడా లెక్క అడగలేదు.

మరి ఏం చెయ్యాలి? విప్లవాలు అక్కర్లేదు, చిన్న పనులే.

తినేవాళ్ళు: ఫిర్యాదు ఉంటే ముందు మొహమ్మీద చెప్పండి. సాంబారు పులిసిందని, బల్ల తుడవలేదని అక్కడే చెబితే రేపు బాగవుతుంది, ఫోన్‌లో రాస్తే వ్యాపారం పోతుంది. శుభ్రత విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం గోడకి ఉందా అని అడగండి. పొగలు కక్కే సాంబారు పల్చటి ప్లాస్టిక్ సంచిలో పోస్తుంటే వద్దనండి, ఇంట్లోంచి గిన్నె పట్టుకెళ్ళండి. చిన్నపిల్లాడు గ్లాసులు తీస్తుంటే, ఎవరి పిల్లాడైనా సరే, వద్దని చెప్పండి. వీటికి ఒక్క చుక్క ఇచ్చినా నేను అడ్డురాను. ఏసీ లేదని, ఓనరు నవ్వలేదని ఇవ్వకండి. ధర పెంచితే గొణక్కండి. పదిహేనేళ్ళలో మన ప్యాకేజీలు ఎంత పెరిగాయో మనకి తెలుసు, ఇడ్లీ మాత్రం పాత ధరకే కావాలంటే ఆ తేడా ఎవరి నడుములోంచి వస్తోందో ఇప్పటికే చెప్పాను.

హోటల్ వాళ్ళు: ధరల పట్టిక గోడ మీద పెట్టండి, అడగకుండా బిల్లు ఇవ్వండి. "ఇవాళ అరగంట పడుతుంది" అని ముందే ఒక పలక మీద రాసి పెట్టండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. వారానికి ఒకరోజు మూసెయ్యండి. అన్నిటికన్నా ముందు వంటింట్లో ఉన్నావిడ పేరు కాగితాల మీదకి ఎక్కించండి, నెలనెలా ఆవిడ ఖాతాలో జీతం వెయ్యండి. అలా వేసినప్పుడుగానీ ఒక ఇడ్లీ అసలు ఖరీదు ఎంతో మీకే తెలీదు. ఇప్పటి మీ లాభం చాలావరకు ఆవిడ జీతమే.

"ఇవన్నీ చేస్తే చిన్న హోటల్ బతుకుతుందా? చెయిన్లు మింగెయ్యవా?" అంటారా. మళ్ళీ ఇటలీనే చూడండి. 1986లో రోములో స్పానిష్ మెట్ల దగ్గర మెక్‌డొనాల్డ్స్ పెట్టినప్పుడు పెద్ద గొడవైంది, కార్లో పెట్రినీ మొదలుపెట్టిన స్లో ఫుడ్ ఉద్యమానికి అదే పునాది. 2015లో డామినోస్ పిజ్జా పుట్టినింటికే పిజ్జా అమ్మబోయింది. ఏడేళ్ళు తిరక్కుండా 2022లో దుకాణాలన్నీ మూసుకుంది. కోవిడ్ రోజుల్లో అక్కడి చిన్న పిజ్జా కొట్లు కూడా డెలివరీ యాప్‌ల మీదకొచ్చేశాయి. చేతిలో మంచి పిజ్జా ఉండగా ఇంకోటి ఎందుకని జనం అనుకున్నారు. అక్కడ జనం తమ ఊరి ముసలాయన "కుదరదు" అన్నందుకు ఆయన్ని వదిలిపెట్టలేదు.

మన దగ్గర జరగబోయేది వేరు. చెయిన్ వచ్చి మింగక్కర్లేదు. హోటలాయన కొడుకు ఇంజనీరింగ్ చదివి మన పక్క క్యూబికిల్‌లోకి వస్తాడు. తప్పు లేదు, రావాలి కూడా. అమ్మ నడుము వంగిపోతుంది. ఒక సంక్రాంతికి షట్టర్ దించి ఉంటుంది. అప్పుడు మనవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటో తీసి, "మా చిన్నప్పటి రుచులు ఇక లేవు" అని రెండు పేజీలు రాస్తారు. ఆ రెండు పేజీలు చదివే ఓపిక నాకు లేదు, ముందే చెబుతున్నాను.

కొసరు: బిల్లులో సర్వీసు చార్జీ కలిసి ఉంటే తీసెయ్యమని అడగొచ్చు. తియ్యకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఈసారి టీమ్ లంచ్‌లో అందరి ముందూ ఆ నంబరు డయల్ చెయ్యండి. తర్వాత పండక్కి పొందూరు వచ్చి, మీ ఇష్టం వచ్చినన్ని చుక్కలు ఇవ్వండి.